వసీయత్, హిబా, వక్ఫ్: బతికుండగా సర్దుకోవలసిన లెక్క

(మన సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



వకీలును ఎవరూ సంతోషంగా పిలవరు. అన్నదమ్ములు మాటలు మానేశాక, గట్టు మీద రాయి కదిలాక, అప్పుడు గుర్తుకొస్తాం. ఈ రోజు గొడవ రాకముందే పిలిచారు. అందుకు కార్యదర్శి గారికి నా కృతజ్ఞతలు.

ఈ విషయం మీద మాట్లాడమనడానికి రెండు కారణాలు చెప్పారు. మొదటిది, మన దాతల్లో కొందరు ఇంటి స్థలమో, తోటలో కొంత భాగమో సొసైటీకి రాసిస్తామని వస్తున్నారు. ఎలా రాయాలో వాళ్లకూ తెలియదు, సొసైటీకీ తెలియదు. రెండోది, బెంగళూరులో, గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోన్ చేసి "అబ్బా, విల్లు రాశారా? లివింగ్ ట్రస్టు పెట్టారా?" అని అడుగుతున్నారు. ఇక్కడున్న పెద్దలకు ఆ మాట అర్థం కావడం లేదు. పిల్లలకేమో ఇక్కడి లెక్క తెలియదు.

చట్టం చెప్పే ముందు ఒక ఇంటి సంగతి చెప్తాను. పేరు చెప్పను, ఊరూ చెప్పను.

పుంగనూరు వైపు ఒక పెద్దాయన. కొంత మామిడి తోట, ఒక ఇల్లు, బజారులో రెండు అంగళ్లు. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. నడిపి కొడుకు చిన్న వయసులోనే రోడ్డు ప్రమాదంలో పోయాడు. అతని భార్య, ఇద్దరు పసిపిల్లలు ఆ ఇంట్లోనే ఉండిపోయారు. తాత ఆ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోనిదే అన్నం తినేవారు కాదు. "వీళ్ల నాయన భాగం వీళ్లకు ఉంటుంది" అని ఇంట్లో అందరి ముందూ అనేవారు. వసీయత్ రాద్దామని నా దగ్గరకు కూడా వచ్చారు. రంజాన్ దాటనివ్వండి అన్నారు. ఆ తర్వాత, కోత అయిపోనివ్వండి అన్నారు. కోత అయిపోలేదు, ఆయన వెళ్లిపోయారు.

చెహలుం దాటాక ఆ కోడలు పిల్లలిద్దర్నీ తీసుకొని నా ఆఫీసుకు వచ్చింది. "మామగారు మాకు ఏమైనా రాశారా?" అని అడిగింది. రాయలేదమ్మా అన్నాను. మరి మా భాగం అంది. కొడుకులు బతికుండగా, ముందే పోయిన కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వారసత్వ భాగం రాదని ఆమెకు చెప్పవలసి వచ్చింది. కోడలికి ఎలాగూ లేదు. ఆ మాట చెప్పిన రోజు నాకు అన్నం సయించలేదు.

మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. ముస్లిముకు నోటిమాట వసీయత్ కూడా చెల్లుతుంది కదా అని. చెల్లుతుంది. కానీ ఎంత ఇస్తానన్నారు, ఏ ఆస్తిలో అన్నారు, ఎవరి ముందు అన్నారు అన్నది రుజువు కావాలి. ఆ మాట విన్నవాళ్లు ఎవరు? ఆయన కొడుకులే. ఆ మాట నిలబడితే భాగం తగ్గేదీ వాళ్లకే. చివరికి తన వాటాలోంచి ఆ పిల్లలకు కొంత ఇచ్చింది వాళ్ల మేనత్త. అందరికంటే తక్కువ వాటా వచ్చింది ఆమెకే. అల్లాహ్ ఆమెకు బర్కత్ ఇవ్వాలి. కానీ అది ఆమె మంచితనం. ఆ పిల్లలకు హక్కుగా అందవలసింది, ఒక్క కాగితం లేక దయగా అందింది.

ముందు లెక్క తెలుసుకుందాం

మనిషి పోయాక ఆస్తి మీద నాలుగు పనులు వరుసగా జరగాలి. మొదట కఫన్, దఫన్ ఖర్చు. రెండోది అప్పులు. మూడోది వసీయత్. నాలుగోది వారసత్వ పంపకం. మన ఇళ్లలో ఈ వరుస తలకిందులవుతోంది. ముందు పంచుకుంటారు, అప్పుల వాళ్లు ఇంటి ముందుకొచ్చాక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

అప్పు అంటే బ్యాంకు అప్పు ఒక్కటే కాదు. టమాట మండీలో తీసుకున్న అడ్వాన్సు అప్పే. చేబదులు అప్పే. పాడిన చీటీకి కట్టవలసిన మిగతా కంతులు అప్పే. అన్నిటికంటే ఎక్కువగా మనం మరిచిపోయే అప్పు భార్యకు ఇవ్వని మెహర్. నికాహ్ రోజు రాసి, ఇవ్వకుండా నలభై ఏళ్లు గడిపినా అది బాకీయే. జనాజా దగ్గర భార్య చేత "మాఫ్ చేశాను" అనిపించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. శవం పక్కన ఏడుస్తున్న ఆడమనిషి చేత చెప్పించిన మాట ఎలాంటి మాఫీయో మీరే ఆలోచించండి. బతికుండగానే ఇచ్చేయండి.

మూడోది వసీయత్. ఇక్కడ రెండు హద్దులున్నాయి. అప్పులు పోగా మిగిలిన దానిలో మూడో వంతుకు మించి రాయకూడదు. వారసులలో ఒకరికి రాయకూడదు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఈ రెండు హద్దుల్లో దేన్ని దాటినా, మనిషి పోయాక మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. తండ్రి బతికుండగా ఇచ్చిన ఒప్పుకోలును తర్వాత వెనక్కి తీసుకోవచ్చు.

మూడో వంతు అన్న హద్దు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) హదీసు నుంచి వచ్చింది. ఆయన జబ్బు పడి, తన ఆస్తిలో ఎక్కువ భాగం దానం చేస్తానన్నారు. దైవప్రవక్త (స) వద్దన్నారు. సగం అన్నారు. వద్దన్నారు. మూడో వంతు అంటే, అదీ ఎక్కువేనంటూ ఒప్పుకున్నారు. వారసుల్ని జనం ముందు చేయి చాచేలా వదలడం కంటే నిలదొక్కుకునేలా వదలడం మేలని చెప్పారు. దాతలైన మనం ఈ హదీసును ముందు వినాలి. దానానికే అక్కడ హద్దు గీశారు.

నాలుగోది పంపకం. సూరా అన్-నిసాలో 11, 12, 176 ఆయతుల్లో వాటాలున్నాయి. ఒక ఉదాహరణ చెప్తాను. అంకెలు తేలిక కోసం నేను వేసుకున్నవి. ఇందాక చెప్పినలాంటి కుటుంబమే అనుకోండి. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు బతికున్నారు. ముందే పోయిన కొడుకు పిల్లలు ఇద్దరున్నారు. ఆస్తి 65 లక్షలు. దఫన్ ఖర్చు, అప్పులు 3 లక్షలు, మెహర్ బాకీ 2 లక్షలు. మిగిలింది 60 లక్షలు.

వసీయత్ లేకపోతే భార్యకు ఎనిమిదో వంతు, అంటే ఏడున్నర లక్షలు. మిగతా దానిలో కొడుకులకు 21 లక్షల చొప్పున, కూతురికి పదిన్నర లక్షలు. మనవలకు సున్న.

ఆ మూడో కొడుకు బతికుంటే అతనికి ఎంత వచ్చేది? 15 లక్షలు. తాత వసీయత్ రాయగలిగినది ఎంత? మూడో వంతు, 20 లక్షలు. అంటే వాళ్ల నాన్న వాటా మొత్తం మనవలకు రాసి, ఇంకో 5 లక్షలు మదరసాకో, ఆసుపత్రికో, ఈ సొసైటీకో రాసినా హద్దు దాటలేదు. అప్పుడు మిగిలిన 40 లక్షల్లో భార్యకు 5, కొడుకులకు 14 చొప్పున, కూతురికి 7 వస్తాయి. కొడుకులు అయ్యో అనుకోనక్కర్లేదు. తమ్ముడు బతికుంటే వాళ్లకు వచ్చేది ఎలాగూ 15 లక్షలే.

ఈజిప్టు 1946లో చేసిన చట్టంలో ఇలాంటి మనవల కోసం తాత వసీయత్ రాయకపోయినా రాసినట్టే లెక్కగట్టే ఏర్పాటు చేసింది. పాకిస్తాన్ 1961లో మరో పద్ధతి పెట్టింది. మన దేశంలో అలాంటి నిబంధన లేదు. ఇక్కడ ఆ పిల్లలకు ఉన్నది తాత కలం ఒక్కటే.

ఆ ఆయతు ఎవరి కోసం వచ్చింది

వారసత్వ ఆయతు గురించి ఒక హదీసు ఉంది. ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) షహీద్ అయ్యారు. ఆయన భార్య ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చారు. పిల్లల బాబాయి ఆస్తి అంతా తీసుకున్నాడని, వీళ్ల పెళ్లిళ్లు ఎలా అవుతాయని మొర పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆయతు అవతరించింది. దైవప్రవక్త (స) ఆ బాబాయిని పిలిపించి, ఆడపిల్లలకు మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది నువ్వు తీసుకో అన్నారు.

అంటే ఈ చట్టం మొదలైందే ఆడపిల్లల ఫిర్యాదుతో. మరి మన ఊళ్లలో ఏం జరుగుతోంది? "ఆపా, నీకు పెళ్లిలో ఇచ్చాం కదా, ఇక్కడ సంతకం పెట్టు" అంటారు. హక్కు విడుదల పత్రం ముందుగానే టైపు చేసి ఉంటుంది. ఆమె చదవదు. పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో సంతకం పెడుతుంది. పెళ్లి ఖర్చు వారసత్వం కాదు. తండ్రి బతికుండగా రాయించుకున్న విడుదల పత్రానికి సాధారణంగా విలువ లేదు. బతికున్న మనిషికి వారసులే ఉండరు, వారసులు కాబోయేవాళ్లు మాత్రమే ఉంటారు.

"ఇంటిలో వాటా సరే, చేనులో ఆడపిల్లకు వాటా ఎక్కడిది?" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. 1937 షరీఅత్ చట్టం మొదట వ్యవసాయ భూమిని వదిలేసిన మాట నిజమే. 1949లో అప్పటి మద్రాసు ప్రభుత్వం సవరణ తెచ్చి ఆ మినహాయింపును తీసేసింది. అప్పుడు మన చిత్తూరు జిల్లా మద్రాసులోనే ఉంది. కాబట్టి మడిలోనైనా, మామిడి తోటలోనైనా కూతురికి వాటా ఉంది. కుప్పం వైపు వాళ్లలో సరిహద్దుకు అవతల కృష్ణగిరి, కోలారు దిక్కున భూములున్నవారు అక్కడి వకీలును కూడా అడిగి చూసుకోవాలి.

వసీయత్ ఎలా రాయాలి

ముస్లిం వీలునామాకు ఫలానా రూపం ఉండాలని చట్టం చెప్పలేదు. స్టాంపు కాగితం అవసరం లేదు. సాక్షులు కూడా తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ మీ ఇష్టం. ఇంత సులువైన పనిని మనం ఇంత ఆలస్యం చేస్తున్నాం. అయినా నా సలహా ఒకటే. తెలుగులోనో, ఉర్దూలోనో మీకు వచ్చిన భాషలో రాయండి. ప్రతి పేజీ మీద సంతకం చేయండి. దానిలో లబ్ధి లేని, మీకంటే చిన్నవారైన ఇద్దరితో సాక్షి సంతకాలు పెట్టించండి. వీలైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించండి. బయటికి తెలియకూడదనుకుంటే, సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర భద్రపరిచే వీలు కూడా రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు.

ఎవరికి రాయాలి అంటే, వారసత్వ లెక్కలో ఎవరి పేరు రాదో వాళ్లను ముందు గుర్తు తెచ్చుకోండి. తండ్రి లేని మనవలు. విధవ కోడలు. మీరు పెంచుకున్న బిడ్డ. మన ధర్మంలో దత్తత వల్ల వారసత్వం రాదు, కాబట్టి పెంపుడు బిడ్డకు వసీయతో, హిబానో తప్ప దారి లేదు. ముప్పై ఏళ్లు మీ అంగట్లో పనిచేసిన మనిషి. ఆ తర్వాత సదఖా జారియా. సొసైటీ పేరు చివర వచ్చినా మాకు చిన్నతనం కాదు.

పసిపిల్లలున్న నాన్నలకు ఇంకో మాట. పిల్లలు తల్లి దగ్గరే పెరుగుతారు, కానీ మన చట్టంలో పసిపిల్లల ఆస్తికి తల్లి దానంతటదే సంరక్షకురాలు కాదు. తండ్రి, తండ్రి నియమించిన వసీ, తాత, తాత నియమించిన వసీ, ఇదీ వరుస. తల్లి ఆ ఆస్తి అమ్మితే చెల్లదని 1918లోనే ప్రివీ కౌన్సిల్ తీర్పు ఉంది. పిల్లవాడి చదువు కోసం ఒక స్థలం అమ్మాలన్నా ఆమె జిల్లా కోర్టు మెట్లెక్కాలి. అదే తండ్రి తన వసీయత్‌లో "నా పిల్లల ఆస్తికి వసీగా నా భార్యను నియమిస్తున్నాను" అని ఒక్క వాక్యం రాస్తే ఆమె చేతికి అధికారం వస్తుంది. నలభై ఏళ్ల లోపు వాళ్లు "మాకెందుకు ఇప్పుడే వీలునామా" అంటుంటారు. ఈ ఒక్క వాక్యం కోసమైనా మీకు కావాలి.

స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లి చేసుకున్నవారికి వారసత్వం భారత వారసత్వ చట్టం ప్రకారం నడుస్తుంది. అలాంటి పిల్లలు మీ ఇళ్లలో ఉంటే విడిగా సలహా తీసుకోమనండి.

హిబా: చట్టం ఒప్పుకున్నా మనసు ఒప్పుకోవాలి

బతికుండగా ఇచ్చేది హిబా. ఇక్కడ మూడో వంతు హద్దు లేదు, వారసులకైనా ఇవ్వవచ్చు. మూడు షరతులు: ఇస్తున్నానని చెప్పాలి, తీసుకునేవారు ఒప్పుకోవాలి, ఆస్తి స్వాధీనం చేయాలి. కాగితం రాసి బీరువాలో పెట్టుకొని, చివరిదాకా బాడుగ తానే వసూలు చేసుకుంటే మూడో షరతు నిలబడటం కష్టం. మరణశయ్య మీద ఇచ్చిన హిబా అయితే, దాన్ని కూడా వసీయత్‌లాగే చూస్తారు. మూడో వంతు దాటి పోదు, వారసుడికైతే మిగతావాళ్లు ఒప్పుకోవాలి.

హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరా? ఈ ప్రశ్న మీద దేశమంతా ఉదహరించే తీర్పు మన ఆంధ్ర కుటుంబానిదే, విశాఖపట్నం వాళ్లది. హఫీజా బీబీ కేసు అంటారు. ఒక తండ్రి 1968 ఫిబ్రవరిలో మామూలు కాగితం మీద హిబా రాసి తన ఆస్తిని ఒక కొడుక్కు ఇచ్చాడు. అదే ఏడాది డిసెంబరులో చనిపోయాడు. ఇంకో కొడుకు భాగం కోసం దావా వేశాడు. కింది కోర్టు హిబా చెల్లుతుందంది, హైకోర్టు చెల్లదంది. 2011 మే 6న సుప్రీంకోర్టు చెల్లుతుందని తేల్చింది. మూడు షరతులూ నెరవేరితే, కాగితం మీద రాసినంత మాత్రాన ముస్లిం హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని చెప్పింది.

న్యాయవాదిగా ఆ తీర్పును నేను కోర్టులో వాడతాను. కానీ మీ ముందు ఇంకో లెక్క చెప్పాలి. 1968 నుంచి 2011కి 43 ఏళ్లు. తండ్రి రాసిన ఒక కాగితం చెల్లుతుందా లేదా అని తేలడానికి ఒక తరం గడిచిపోయింది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఇల్లు నిలబడుతుందని అనుకోకండి.

హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) చిన్నప్పటి సంగతి హదీసుల్లో ఉంది. ఆయన తండ్రి ఆయనకు ఒక కానుక ఇచ్చి, దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమన్నారు. నీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదన్నారు. అయితే నేను సాక్షిని కానన్నారు ప్రవక్త (స). పిల్లల మధ్య న్యాయంగా ఉండమని చెప్పారు. దీని మీద ఫిఖ్హ్ వివరాలు వేదిక మీదున్న ఉలమాలు చెబుతారు. నాకు తెలిసింది ఒకటే. ఆ కానుకకు సాక్షిగా ఉండటానికి ఆయన ఒప్పుకోలేదు. అలాంటి కాగితాల మీద మనం రోజూ సాక్షి సంతకం పెడుతున్నాం.

ఇక్కడున్న వృద్ధులకు ఇంకొకటి. మీరు ఉండే ఇంటిని చివరిదాకా మీ పేరునే ఉంచుకోండి. ప్రేమతో అంతా రాసిచ్చి, తర్వాత గదిలో మూలకు చేరిన తల్లిదండ్రులను నేను చూశాను. 2007 తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. ఆ షరతు దస్తావేజులోనే రాసి ఉంటే మీ పని సులువు.

వక్ఫ్ చేయాలనుకునేవారికి

మూలాన్ని కదపకుండా ఉంచి, ఫలాన్ని పంచడం వక్ఫ్. ఖైబర్‌లో తనకొచ్చిన భూమిని హజ్రత్ ఉమర్ (రజి) అలాగే చేశారు. చేశాక వెనక్కి తీసుకోలేం. వసీయత్ ద్వారా చేసే వక్ఫ్‌కు కూడా మూడో వంతు హద్దు ఉంది.

కుటుంబం కోసం చేసే వక్ఫ్-అలల్-ఔలాద్‌కు ఈ దేశంలో ఒక చరిత్ర ఉంది. 1894లో ప్రివీ కౌన్సిల్, దానం పేరుకే ఉండి లాభమంతా వంశానికే పోయే వక్ఫ్ చెల్లదంది. 1913లో జిన్నా ప్రతిపాదించిన చట్టం దాన్ని మళ్లీ నిలబెట్టింది. 2025 సవరణ చట్టం ఏప్రిల్ 8 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆస్తికి చట్టబద్ధ యజమాని అయినవారే వక్ఫ్ చేయాలి. రాతపూర్వక వక్ఫ్ దస్తావేజు ఉండాలి. వక్ఫ్-అలల్-ఔలాద్ వల్ల ఆడపిల్లలతో సహా ఏ వారసుడి హక్కూ పోకూడదు. ఐదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్టు చూపాలన్న షరతును సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న, నియమాలు తయారయ్యే వరకు నిలిపివేసింది. ఈ చట్టం మీద మనలో చాలా మందికి బాధ ఉంది, వాదనలు కోర్టులో ఉన్నాయి. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, కూతురి హక్కు తీయకూడదన్న మాట మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. అది మన కితాబులోదే.

డీకేటీ పట్టా భూములున్నవారు జాగ్రత్త. సొంత భూమే కదా అని వక్ఫో, హిబానో రాసే ముందు, దాన్ని బదిలీ చేసే హక్కు మీకుందో లేదో తేల్చుకోండి.

పిల్లలు చెప్పే లివింగ్ ట్రస్టు

అమెరికాలో వీలునామాను కోర్టులో నిరూపించడానికి సమయం, డబ్బు పడతాయి. అందుకని అక్కడివాళ్లు బతికుండగానే ఆస్తిని ఒక ట్రస్టు పేరుకు మార్చి, దాన్ని తామే నడుపుకుంటూ, తమ తర్వాత ఎవరికి పోవాలో అందులో రాస్తారు. అక్కడున్న మన పిల్లలకు అది నిజంగా అవసరం. వాళ్లు ఏమీ రాయకుండా పోతే వాళ్ల ఆస్తి ఆ రాష్ట్ర చట్టం ప్రకారం పంపకమవుతుంది, సూరా అన్-నిసా ప్రకారం కాదు. తల్లిదండ్రులకు ఒక్క రూపాయి రాకపోవచ్చు. కాబట్టి "నువ్వు రాశావా బాబూ?" అని మీరు తిరిగి అడగండి.

కానీ దాన్నే ఇక్కడికి తెచ్చి పెట్టుకోలేం. భూమి ఇక్కడుంటే చట్టం ఇక్కడిదే. 1882 ట్రస్టుల చట్టం కింద స్థిరాస్తిని ట్రస్టులో పెట్టాలంటే రిజిస్టరు దస్తావేజు కావాలి. అన్నీ నా చేతిలోనే ఉంటాయి, ఎప్పుడైనా రద్దు చేస్తాను అని రాసుకుంటే, స్వాధీనం నిజంగా మారిందా అన్న ప్రశ్నను వారసులు లేవనెత్తుతారు. అందువల్ల సాధారణ కుటుంబానికి ఇక్కడ ట్రస్టు అవసరం తక్కువ.

ఒక్క చోట మాత్రం ట్రస్టు చాలా మంచిది. మానసిక వైకల్యం ఉన్న బిడ్డ ఉన్న ఇల్లు. మా తర్వాత వీడిని ఎవరు చూస్తారు అని రాత్రుళ్లు నిద్రపోని తల్లులు ఈ సభలో కూడా ఉన్నారు. ఆ బిడ్డ పేర కొంత ఆస్తిని బతికుండగానే ట్రస్టీల చేతిలో పెట్టి, నెలనెలా ఎంత ఖర్చు చేయాలో రాయవచ్చు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద చట్టబద్ధ సంరక్షకుణ్ని కూడా నియమించుకోవచ్చు. అలాంటి ట్రస్టుకు ట్రస్టీలు దొరకకపోతే మన సొసైటీ పెద్దలు ముందుకు రావాలి. అంతకంటే పెద్ద ఖిద్మత్ ఏముంటుంది?

కాగితాల పెట్టె

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి ఫైళ్లు కాలిన సంగతి మీ అందరికీ తెలుసు. మరుసటి రోజు నుంచి ఎంతమంది తమ ఇంటి పెట్టెలు తెరిచి చూసుకున్నారో! ప్రభుత్వ కార్యాలయంలో ఉందిలే అనుకోకండి. దస్తావేజులు, పారికత్తులు, పాసు పుస్తకం, పన్ను రసీదుల నకళ్లు రెండు చోట్ల ఉంచండి. ఒక నోటు పుస్తకంలో మూడు పేజీలు రాయండి: నాకున్నది, నేను ఇవ్వవలసింది, నాకు రావలసింది. ఎవరిదైనా అమానత్ మీ దగ్గరుంటే అది విడిగా రాయండి. ఆ పుస్తకం ఎక్కడుందో భార్యకు చెప్పండి.

బ్యాంకులో నామినీ పెట్టాం కదా, చాలు అనుకోకండి. నామినీ డబ్బు తీసుకునే మనిషే కానీ యజమాని కాదని సుప్రీంకోర్టు 2023 దాకా బ్యాంకు డిపాజిట్లలోనూ, షేర్లలోనూ చెబుతూ వచ్చింది. నామినీగా ఉన్న కొడుకు ఆ డబ్బు తీసుకొని, వాటాల ప్రకారం అమ్మకు, అక్కచెల్లెళ్లకు పంచాలి.

చివరగా సొసైటీకి ఒక మనవి

మీరు దానం తీసుకునేవాళ్లు. దానం తెచ్చినవారిని ప్రశ్న అడగడం కష్టం. అయినా అడగండి. ఎవరైనా స్థలమో, తోటో రాసిస్తామని వస్తే, రసీదు రాసే ముందు మూడు మాటలు అడగండి. మెహర్, అప్పులు తీర్చారా? ఇది మూడో వంతు లోపలేనా? మీ అమ్మాయికి ఆమె వాటా అందుతుందా?

మూడో ప్రశ్నకు ఆ పెద్దాయన తల దించుకుంటే, ఆ కాగితాన్ని మర్యాదగా వెనక్కి ఇవ్వండి. "ముందు ఇంటికి వెళ్లి అది సర్దండి సాబ్, మేమెక్కడికీ పోము" అనండి. సొసైటీకి ఒక స్థలం తగ్గుతుంది. ఒక కూతురు పుట్టింటికి ధైర్యంగా వస్తుంది. ఆడపిల్ల వాటా మీద కట్టిన గదిలో అనాథ పిల్లలకు చదువు చెప్పామంటే అది సదఖా కాదు.

వసీయత్ చేయవలసిన ఆస్తి ఉన్న ముస్లిం, రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపకూడదని హదీసు ఉంది. మన పుంగనూరు పెద్దాయన మామిడి కోతల దాకా గడిపారు. మనలో ఎంతమంది ఎన్ని కోతలు గడిపామో! ఇంటికెళ్లి ఈ రాత్రి కనీసం ఆ మూడు పేజీలు మొదలుపెట్టండి. కాగితం సరిచూడటానికి నేను ఉన్నాను, ఫీజు అడగను.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్ ఇవ్వాలి, మన తర్వాత మన పిల్లల్ని ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చోబెట్టాలి. ఆమీన్. వస్సలాము అలైకుం.